పరభాషా పఠనం : చైనా బాలల అనుభవం

పాఠ్యభాగ ఉద్దేశం

ఇతర భాషలో ఒక పేరాను చదివి, దాని కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు రాయడం మీకు కొత్త కాదు. ఆంగ్లంలోను, తెలుగులోను మీరు ఈ అభ్యాసం చేస్తూనే ఉన్నారు. ఇదే పనిని చైనా దేశపు బాలబాలికలు ఆంగ్లంలో ఏ విధంగా చేస్తున్నారో, అందులో వారికి ఎదురయ్యే చిక్కులు ఎటువంటివో, వాటిని దాటే మార్గాలు ఏవో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. జవాబును గుర్తించడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అనే వివేకాన్ని విద్యార్థులలో కలిగించడం దీని ముఖ్య ప్రయోజనం.

పాఠ్యభాగం

చైనాకు నైరుతి దిక్కున గ్విజౌ అనే పర్వతప్రాంత రాష్ట్రం ఉంది. అక్కడి ఒక కొండ ఊరిలో ఆరవ తరగతి చదువుకొంటున్న ఒక బాలికను ఊహించుకొందాం. ఆమె తల్లిదండ్రులు బతుకుతెరువు కోసం దూరాన ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు కర్మాగారాలకు వెళ్ళారు. ఈ విధంగా తల్లిదండ్రులకు దూరంగా పల్లెలలో పెరిగే పిల్లలు ఆ దేశంలో లక్షల సంఖ్యలో ఉన్నారు. మన బాలిక నాయనమ్మ దగ్గర ఉంటున్నది. సాయంకాలం దీపం కింద కూర్చొని ఆంగ్ల అభ్యాసపత్రం పూర్తిచేస్తున్నది. అందులో ఒక చిన్న కథ, దాని కింద అయిదు ప్రశ్నలు, ఒక్కొక్క ప్రశ్నకు నాలుగేసి జవాబులు ఉన్నాయి. బాలిక అయిదింటికీ సరైన జవాబులే గుర్తించింది. పక్కన కూర్చొని కూరగాయలు తరుగుతున్న నాయనమ్మ "ఇందులో ఏం రాసి ఉంది తల్లీ?" అని అడిగింది. బాలిక నోట మాట రాలేదు. జవాబులు దొరికాయి గాని, కథ దొరకలేదు.

ఆ బాలిక తెలివితక్కువది కాదు, సోమరి అంతకన్నా కాదు. ప్రశ్నలోని మాటను పట్టుకొని, అదే మాట పేరాలో ఎక్కడ ఉన్నదో వెదకి, దాని చుట్టూ ఉన్న మాటలతో సరిపోయే జవాబును ఎంచుకొనే నేర్పు ఆమెకు బాగా అలవడింది. ఆ నేర్పువల్ల మార్కులు వస్తాయి. కాని ఆ నేర్పుకు పేరాను చదవవలసిన అవసరమే లేదు. చదవడం జరగవలసిన చోట వెదకడం జరిగితే, ఎన్ని పత్రాలు నింపినా భాష మాత్రం మనసులోకి ఇంకదు. ఈ లోపం చైనా పిల్లలకు మాత్రమే పరిమితమైనది కాదు. అయితే వారి భాష, వారి చరిత్ర, వారి పరీక్షావిధానం ఈ సమస్యను మనకు స్పష్టంగా చూపుతాయి. అందువల్ల దానిని అక్కడినుంచే పరిశీలిద్దాం.

మూడు మాటలు – మూడు దృశ్యాలు

పఠనావగాహనను చైనా భాషలో 'యుయెదు లీజియె' అంటారు. 'యుయెదు' అంటే చదవడం, 'లీజియె' అంటే అర్థం చేసుకోవడం. చైనా లిపిలో కొన్ని చిహ్నాల వెనుక చిత్రాలు దాగి ఉంటాయి. 'లీ' అనే చిహ్నంలో ఎడమవైపు భాగం జేడ్ అనే విలువైన రాతికి గుర్తు. షు షెన్ అనే పండితుడు క్రీ.శ. 2వ శతాబ్ది ఆరంభకాలంలో కూర్చిన 'షువోవెన్ జియెజి' అనే ప్రాచీన నిఘంటువు, 'లీ' అంటే జేడ్ రాతిని మలచడం అని అర్థం చెప్పింది. ఇక 'జియె' అనే చిహ్నంలో కొమ్ము, కత్తి, ఎద్దు అనే మూడు గుర్తులు కలసి ఉన్నాయి. విడదీయడం అని దాని మూలార్థం.

తాత్త్వికుడైన జువాంగ్‌జీ పేరిట వెలసిన ప్రాచీన గ్రంథంలో ఇదే 'జియె' అనే మాటతో ముడిపడిన ఒక కథ ఉంది. డింగ్ అనే వంటవాడు పశుమాంసం కోయడంలో ఆరితేరినవాడు. పంతొమ్మిది సంవత్సరాలు వాడినప్పటికీ అతని కత్తి మొక్కవోలేదు. దానికి కారణం, అతడు ఎముకలపై కత్తి వేయక కీళ్ళ నడుమ ఉన్న సందులలోనే దానిని నడిపించడం. బలం ఉపయోగించినవాడి కత్తి విరుగుతుంది. కీలు తెలిసినవాడి కత్తి తనంత తాను సాగుతుంది. చదవడం కూడా ఇటువంటిదే. ప్రతి వాక్యానికి, ప్రతి పేరాకు కీళ్ళు ఉంటాయి. వాటిని గుర్తించడమే అర్థం చేసుకోవడం.

మన 'అవగాహన' అనే మాటలో మరొక దృశ్యం ఉంది. అవగాహనం అంటే నీటిలోకి దిగి మునగడం. గట్టున నిలబడి చూసేవాడికి లోతు తెలియదు. ఆంగ్లంలో ఇదే అర్థంలో వాడే 'కాంప్రిహెన్షన్' అనే మాటకు మూలం లాటిన్ భాషలో పట్టుకోవడం అనే అర్థంగల ధాతువు. ఒక జాతి విడదీయడాన్ని, ఒక జాతి మునగడాన్ని, మరొక జాతి పట్టుకోవడాన్ని భావించి ఈ పనికి పేరు పెట్టుకొన్నాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ అక్షరానికి గుర్తు పెట్టడం కాదు.

పరభాషతో చైనాకు గల పరిచయం

పరభాషను శ్రద్ధతో చదవడం చైనాకు కొత్త విద్య కాదు. క్రీ.శ. 7వ శతాబ్దంలో హ్యూయాన్‌త్సాంగ్ సంస్కృత గ్రంథాలకోసం మన దేశానికి వచ్చాడు. ఆంధ్రదేశంలోని ధాన్యకటకంలో కొన్ని నెలలు నిలిచి, అక్కడి భిక్షువులవద్ద బౌద్ధశాస్త్రం అభ్యసించాడు. 645లో స్వదేశం చేరి, శేషజీవితమంతా అనువాదాలకే వినియోగించాడు. అయిదు విధాలైన పదాలను అనువదించక, వాటి ధ్వనితోనే ఉంచాలని ఆయన సూచించినట్లు సంప్రదాయం చెబుతున్నది. 'భగవత్' వంటి అనేకార్థాలుగల పదాలు, చైనాలో లేని జంబూవృక్షం వంటి వస్తువుల పేర్లు వాటిలో ఉన్నాయి. జంబువంటే మన నేరేడే. ఈ నియమంలో చదువరికి గొప్ప పాఠం ఉంది. ప్రతి పరభాషాపదానికి మన భాషలో సరిజోడు ఉంటుందనుకోవడం పొరపాటు. కొన్ని పదాలను వాటి వాక్యంలోనే ఉంచి తెలుసుకోవాలి.

ఆంగ్ల విద్య అక్కడికి వచ్చిన తీరు వేరు. విదేశాలతో వ్యవహరించగలవారిని తయారుచేయడానికి 1862లో బీజింగ్ నగరంలో తోంగ్‌వెన్ గ్వాన్ అనే భాషాపాఠశాల ఏర్పడింది. 1898లో యెన్ ఫూ అనే మేధావి, హక్స్‌లీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పరిణామవాదంపై రాసిన గ్రంథాన్ని చైనా భాషలో వెలువరించాడు. మూలానికి విధేయంగా ఉండడం, భావం స్పష్టంగా అందడం, శైలి సొంపుగా ఉండడం అనే మూడు గుణాలు అనువాదానికి అవసరమని, అవి దుస్సాధ్యమని ఆయన భావించాడు. సుమారు పదమూడు శతాబ్దాలపాటు సాగిన ప్రాచీన ఉద్యోగపరీక్షల విధానం 1905లో రద్దయింది. 1950 దశకంలో రష్యన్ భాషకు ప్రాధాన్యం లభించింది. తరువాత ఆంగ్లం ఆ స్థానానికి వచ్చింది. 2001లో ప్రాథమిక పాఠశాలలలో మూడవ తరగతినుంచే ఆంగ్లం బోధించాలని ఆ దేశపు విద్యామంత్రిత్వశాఖ నిర్ణయించింది.

భాషాభేదం వల్ల కలిగే చిక్కులు

చైనా బాలునికి ఆంగ్ల లిపి పూర్తిగా అపరిచితం కాదు. తన భాషలోని ఉచ్చారణను రోమన్ అక్షరాలతో సూచించే 'పిన్‌యిన్' పద్ధతి 1958లో అమలుకు వచ్చింది. ప్రాథమిక పాఠశాల తొలి సంవత్సరంలోనే పిల్లలు దానిని నేర్చుకొంటారు. ఇది ఒక మహోపకారం, అదే ఒక చిక్కు కూడా. సి, ఏ, ఎన్ అనే మూడు అక్షరాలు వరుసగా కనబడితే పిన్‌యిన్ అలవాటు 'త్సాన్' అని పలికిస్తుంది. ఆంగ్లంలో అదే మాట 'క్యాన్'. తెలిసిన అక్షరం తెలియని ధ్వనిని పలకడం, తెలియని అక్షరం కంటె ఎక్కువగా తికమక పెడుతుంది.

లిపిని దాటితే వ్యాకరణం ఎదురవుతుంది. చైనా భాషలో క్రియారూపం కాలాన్నిబట్టి మారదు. నిన్న, రేపు వంటి మాటలు, కొన్ని అవ్యయాలు కాలాన్ని సూచిస్తాయి. ఆంగ్లంలో 'గో', 'వెంట్', 'గాన్' అని రూపమే మారిపోతుంది. ఆ మార్పును గమనించని బాలుడు కథలో ముందు జరిగినదేదో, తరువాత జరిగినదేదో తెలియక పొరబడతాడు. వాడుకలో 'అతడు', 'ఆమె' అనే రెండింటికీ చైనా భాషలో 'తా' అనే ఒకే ధ్వని ఉంది. లిపిలో మాత్రమే తేడా కనబడుతుంది. కాబట్టి ఆంగ్ల వాక్యంలోని సర్వనామం ఎవరిని సూచిస్తున్నదో పట్టుకోవడానికి బాలుడు ప్రత్యేకంగా శ్రద్ధ వహించాలి.

వాక్యనిర్మాణంలో ఉన్న భేదం మనకు మరింత ఆసక్తిని కలిగిస్తుంది. 'నిన్న మా ఇంటికి వచ్చిన మనిషి' అని మనం అంటాం. విశేషణం ముందు, విశేష్యం తరువాత. చైనా భాషలోను ఇదే క్రమం. ఆంగ్లంలో మాత్రం మనిషి ముందు వస్తాడు. అతడు ఎవరో, ఎప్పుడు వచ్చాడో చెప్పే భాగం 'హూ' అనే మాటతో ఆరంభమై అతని వెనుక నడుస్తుంది. అందువల్ల 'మనిషి' అనే మాట దగ్గర ఆగిపోయిన చైనా బాలునికి, తెలుగు బాలునికి కూడా వాక్యం సగమే అందుతుంది. ఎంతో దూరానగల రెండు భాషల పిల్లలు ఒకే రాయిని తట్టుకొని పడుతున్నారన్నమాట. ఆ రాయి ఎక్కడున్నదో తెలిస్తే ఇద్దరూ దాటగలరు.

చిక్కులతోపాటు చైనా బాలునికి ఒక బలం కూడా ఉంది. మాటను విప్పిచూడడం అతనికి చిన్ననాటినుంచి అలవాటు. నది, సరస్సు, సముద్రం అనే అర్థంగల మూడు చిహ్నాలలోను నీటికి గుర్తయిన మూడు చుక్కలు ఉంటాయి. కొత్త చిహ్నంలో ఆ చుక్కలు కనబడగానే, ఇది నీటికి సంబంధించినది కాబోలునని అతడు ఊహిస్తాడు. టెలిఫోనును అతని భాషలో 'విద్యుత్తు', 'మాట' అనే అర్థాలుగల రెండు చిహ్నాలతోను, కంప్యూటరును 'విద్యుత్తు', 'మెదడు' అనే రెండు చిహ్నాలతోను రాస్తారు. ఈ అలవాటునే ఆంగ్లానికి అన్వయిస్తే, 'టెలి' అంటే దూరమని తెలిసినవాడు టెలిఫోను, టెలివిజను, టెలిస్కోపు అనే మూడింటినీ ఒకే తాళంచెవితో తెరవగలడు. మనవారు 'దూరవాణి', 'దూరదర్శిని' అన్న పేర్లు పెట్టింది కూడా ఈ మార్గంలోనే.

పరీక్ష – పఠనం

చైనా విద్యార్థి జీవితంలో అత్యంత ప్రధానమైన ఘట్టం 'గావోకావో' అనే విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష. సాంస్కృతిక విప్లవకాలంలో నిలిచిపోయిన ఈ పరీక్షను 1977లో పునరుద్ధరించారు. 2024లో ఈ పరీక్షకు 1 కోటి 34 లక్షలమందికి పైగా నమోదు చేసుకొన్నారు. ఆంగ్ల పత్రానికి 150 మార్కులు. జాతీయస్థాయిలో తయారయ్యే నూతన ప్రశ్నపత్రంలో వాటిలో 50 మార్కులు పఠనావగాహనకే కేటాయించారు. నాలుగు పాఠ్యభాగాలపై పదిహేను ప్రశ్నలు ఉంటాయి. అయిదవ పాఠ్యభాగంలో అయిదు ఖాళీలు ఉంటాయి. కింద ఇచ్చిన ఏడు వాక్యాలలోనుంచి తగిన అయిదింటిని ఎంచి ఆ ఖాళీలను పూరించాలి.

ఈ చివరి ప్రశ్న చాలా చక్కనిది. వాక్యార్థం కలగడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ అవసరమని మన శాస్త్రకారులు చెప్పారు. ముందు వాక్యం దేనిని కోరుతున్నది? కోరినదానికి ఈ వాక్యం తగినదా? రెండింటికీ నడుమ పొత్తు దగ్గరగా ఉన్నదా? ఖాళీని పూరించే చైనా విద్యార్థి ఈ పేర్లు విని ఉండకపోవచ్చు. అయినప్పటికీ అతడు చేస్తున్నది ఈ మూడింటి విచారమే. మాటలు వెదికే నేర్పు ఇక్కడ పనిచేయదు. పేరా మొత్తాన్ని చదివినవాడే దీనిని సాధించగలడు.

అయినను పరీక్ష దగ్గరపడేకొద్దీ చాలామంది విద్యార్థులు పాత ప్రశ్నపత్రాలను ఒకదాని వెంట ఒకటి చేసుకొంటూ పోతారు. దీనిని చైనా విద్యార్థులు 'షువా తీ' అంటారు. 'షువా' అంటే కుంచెతోగాని బ్రష్షుతోగాని రుద్దడం, 'తీ' అంటే ప్రశ్న. గోడకు సున్నం వేసినట్లు ప్రశ్నలమీదుగా సాగిపోవడమని దీని భావం. సున్నం గోడ పైనే ఉంటుంది, లోపలికి దిగదు. ఆ పేరు పెట్టుకొన్న విద్యార్థులకే ఆ పనిలోని లోపం కొంత తెలిసి ఉండాలి. ప్రశ్నపత్రాలు చేయడం తప్పు కాదు. కాలాన్ని సర్దుకోవడం, ప్రశ్నల తీరు తెలుసుకోవడం దానివల్ల అలవడతాయి. కాని అది చదువుకు తోడు కావాలి, చదువుకు బదులు కారాదు.

2011లో ప్రకటించిన ఆంగ్ల పాఠ్యప్రణాళిక ఒక వివేకవంతమైన లక్ష్యాన్ని చూపింది. తొమ్మిదవ తరగతి ముగిసేనాటికి విద్యార్థికి 1500 నుంచి 1600 పదాలు రావాలని, పాఠ్యపుస్తకం కాక వెలుపల మొత్తంమీద 1,50,000 పదాలకు పైగా చదివి ఉండాలని అది నిర్దేశించింది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన ఉంచి చూడండి. తెలిసిన ఒక్కొక్క పదాన్ని వేర్వేరు వాక్యాలలో పదేపదే కలుసుకొంటేనే అది మనదవుతుందని వాటి సారాంశం. 1,50,000 అనే సంఖ్య చూసి బెదరవలసిన పనిలేదు. మూడు సంవత్సరాలమీద పంచితే రోజుకు 140 పదాలైనా కావు. అది ఒక చిన్న పేరా. కొండ ఊరి బాలికకైనా, మహానగరపు బాలునికైనా అందుబాటులో ఉన్న సాధన అది. 2021లో చైనా ప్రభుత్వం పిల్లల ఇంటిపనికి పరిమితులు విధించింది. మూడవ తరగతినుంచి ఆరవ తరగతి వరకు రాతపని రోజుకు గంట మించరాదని, ఆపై మూడు తరగతులవారికి గంటన్నర మించరాదని ఆదేశించింది. సమయం తక్కువైనప్పుడు ఎన్ని పత్రాలు నింపామన్నదానికంటె, ఉన్న ఒక్క పేరానైనా ఎంత బాగా చదివామన్నది ముఖ్యమవుతుంది.

చదివే విధానం

మన బాలిక అభ్యాసపత్రంలోని కథను ఇప్పుడు చూద్దాం. దాని తెలుగు సారం ఇది :

ఒక వంతెన పక్కన ఒక వృద్ధుడు పాత గొడుగులు బాగుచేస్తాడు. వాన కురిసే రోజున జనం విరిగిన గొడుగులతో పరుగున వస్తారు. అయితే ఎండ కాసే రోజున కూడా ఆయన దుకాణం తెరిచే ఉంటుంది. ఒక బాలుడు, "వాన లేనినాడు ఎవరు వస్తారు తాతా?" అని అడిగాడు. "వానలో బాగుచేయించుకొన్నవాడు అప్పటికే తడిసి ఉంటాడు బాబూ" అన్నాడు వృద్ధుడు. మరునాడు ఎండ బాగా కాసింది. ఆ బాలుడు చంకలో ఒక విరిగిన గొడుగు పెట్టుకొని వంతెన దగ్గరకు వచ్చాడు.

మొదట చేయవలసినది, కథను ఆగకుండా చివరివరకు చదవడం. తెలియని మాట రాగానే నిఘంటువు తెరిస్తే కథ తెగిపోతుంది. ఇందులో 'మెండ్' అనే ఆంగ్లపదం బాలికకు తెలియదనుకొందాం. విరిగిన గొడుగులు తెచ్చేవారు జనం. వాటికి ఏదో చేసేవాడు వృద్ధుడు. ఆ చేసేది ఏమై ఉంటుంది? పక్కనున్న వాక్యాలే జవాబు చెబుతాయి. ఆ తరువాత నిఘంటువు చూస్తే ఊహ రుజువవుతుంది, పదం గుర్తుంటుంది.

రెండవది, కీళ్ళను గుర్తించడం. ఈ కథకు కీలు 'అయితే' అనే చిన్నమాట. ఆంగ్లంలో అక్కడ 'హవెవర్' అని ఉంటుంది. అంతవరకు కథ ఒక దారిన నడిచింది, అక్కడ మలుపు తిరిగింది. ఎందువల్ల, కాబట్టి, అయినప్పటికీ, మరునాడు వంటి మాటల కింద గీత గీసుకొనే అలవాటు ఉన్నవాడికి డింగ్ చేతిలోని కత్తి దొరికినట్లే.

మూడవది, ప్రశ్న ఏ స్థాయిదో తెలుసుకోవడం. మన ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెప్పారు. దుకాణం ఎక్కడున్నదని అడిగితే జవాబు వాక్యంలోనే ఉంది, అది అభిధ. బాలుడు ఏమి గ్రహించాడని అడిగితే మాత్రం కథలో ఏ వాక్యమూ సూటిగా చెప్పదు. అతడు గొడుగు పట్టుకొని ఎండలో నడిచి రావడమే చెబుతున్నది. అది వ్యంజన. చెప్పినదానిలో వెదకవలసిన ప్రశ్నకు ఊహించరాదు, ఊహించవలసిన ప్రశ్నకు వెదకుతూ కూర్చోరాదు.

నాలుగవది, తప్పు జవాబులను పరీక్షించడం. ఎండలో దుకాణం ఎందుకు తెరుస్తాడన్న ప్రశ్నకు, 'ఆ ఊరిలో వాన అకస్మాత్తుగా వస్తుంది గనుక' అనే జవాబు కూడా ఇచ్చారనుకొందాం. అది లోకంలో నిజం కావచ్చు, కాని కథలో లేదు. 'బాలుడు అడిగాడు గనుక' అన్నది కథలోని మాటే, కాని ముందువెనుకలు తారుమారయ్యాయి. అవసరం రాకముందే సిద్ధపడాలన్న వృద్ధుని భావం ఉన్న జవాబే సరైనది. ప్రతి జవాబుకు 'ఇది కథలో ఎక్కడ ఉంది?' అని ప్రశ్నించుకొని, ఆ వాక్యంపై వేలు పెట్టి చూపగలిగినప్పుడే దానిని ఎంచుకోవాలి.

అయిదవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. పుస్తకం మూసి, చదివినదానిని మాతృభాషలో ఇంకొకరికి చెప్పాలి. చెప్పగలిగితే అర్థమైనట్లు. ఎక్కడ తడబడతామో అక్కడ అర్థం కాలేదన్నమాట. దీనికి బోధనరుసుము లేదు, గ్రంథాలయం అక్కరలేదు, వినే ఒక మనిషి చాలు. పరభాష తెలియని శ్రోత అయితే మరీ మంచిది. అర్థం కానిచోట ఆంగ్లపదం అడ్డుపెట్టి తప్పించుకొనే వీలు ఉండదు.

ముగింపు

మన బాలిక మరునాడు సాయంకాలం అదే పత్రం తీసి, ఈసారి ప్రశ్నలు చూడక కథ మాత్రమే రెండుసార్లు చదివింది. తరువాత తమ ఊరి మాటలో నాయనమ్మకు చెప్పడం మొదలుపెట్టింది. 'అయితే' దగ్గర ఒకసారి ఆగి, సర్దుకొని చివరివరకు చెప్పింది. నాయనమ్మ నవ్వి, "మరి ఆ పిల్లవాడు తెచ్చింది తన గొడుగా, వాళ్ళ నాయనమ్మదా?" అని అడిగింది. ఆ ప్రశ్న పత్రంలో లేదు. బాలిక గబగబ కాగితం తిప్పి, చివరి వాక్యం మళ్ళీ చదివింది. "అది ఎవరిదో ఇందులో చెప్పలేదు నాయనమ్మా! 'ఒక గొడుగు' అని మాత్రమే ఉంది" అన్నది.

రచన ఏమి చెప్పిందో తెలుసుకోవడం అవగాహనలో సగం. అది ఏమి చెప్పలేదో కూడా తెలుసుకోవడం మిగతా సగం. నిన్న అయిదు జవాబులు గుర్తించినప్పుడు ఆ బాలికకు రాని విద్య, ఈనాడు ఆరవ ప్రశ్నతో వచ్చింది. ఆ ప్రశ్న వేసిన నాయనమ్మకు ఆంగ్లంలో ఒక్క అక్షరమైనా రాదు. పరభాషకు దారి మాతృభాష గుండానే ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి? ఈ రాత్రి మీరు చదివే పాఠం ఏ భాషలోనిదైనా సరే, పుస్తకం మూసి ఇంటిలో ఒకరికి చెప్పి చూడండి.

కఠిన పదాలకు అర్థాలు

వివేకం : మంచిచెడులను, తేడాలను తెలుసుకొనే తెలివి
నైరుతి : దక్షిణానికి, పడమరకు నడిమి దిక్కు
మొక్కవోవు : పదును తగ్గు
తాత్త్వికుడు : తత్త్వవిచారం చేసేవాడు
శేషజీవితం : మిగిలిన జీవితం
విశేష్యం : విశేషణం తెలిపే గుణం గల వస్తువు లేదా వ్యక్తి
ఆకాంక్ష : ఒక పదం మరొక పదాన్ని కోరడం
యోగ్యత : పదాల అర్థాలు ఒకదానికొకటి తగి ఉండడం
సన్నిధి : పదాలు దగ్గరగా ఉండడం
వ్యంజన : సూటిగా చెప్పని అర్థాన్ని స్ఫురింపజేసే శబ్దశక్తి
నిదర్శనం : ఉదాహరణ, రుజువు

సంధులు

పఠనావగాహన = పఠన + అవగాహన – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
వాక్యార్థం = వాక్య + అర్థం – సవర్ణదీర్ఘ సంధి

ప్రశ్నలు

అ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. జవాబులు దొరికాయి గాని, కథ దొరకలేదు.
2. సున్నం గోడ పైనే ఉంటుంది, లోపలికి దిగదు.
3. "అది ఎవరిదో ఇందులో చెప్పలేదు నాయనమ్మా!"

ఆ) వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఆంగ్ల పఠనంలో చైనా బాలలకు భాషాభేదంవల్ల కలిగే చిక్కులను, వారికి గల బలాన్ని వివరించండి.
2. పరభాషలోని పాఠ్యభాగాన్ని చదివే విధానాన్ని గొడుగుల కథ ఆధారంగా విశదీకరించండి.

ఇ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. అర్థం చేసుకోవడాన్ని మూడు భాషలు ఏ దృశ్యాలతో సూచించాయి?
2. హ్యూయాన్‌త్సాంగ్ అనువాదనియమం నుంచి చదువరి గ్రహించవలసినది ఏమిటి?
3. తెలుగు, చైనా భాషల వాక్యనిర్మాణంలో గల పోలికను తెలపండి.

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తోంగ్‌వెన్ గ్వాన్ ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. పిన్‌యిన్ అంటే ఏమిటి?
3. డింగ్ కత్తి మొక్కవోకపోవడానికి కారణం ఏమిటి?

ఉ) అభ్యాసం
ఈ వారం మీరు చదివిన ఒక ఆంగ్ల పాఠాన్ని, ఆ భాష రాని మీ ఇంటి పెద్దలలో ఒకరికి తెలుగులో చెప్పండి. వారు అడిగిన ప్రశ్నలను రాసుకొని, ఏ ప్రశ్నకు జవాబు పాఠంలో ఉన్నదో, దేనికి లేదో తరగతిలో చర్చించండి.